ఎప్పుడన్నా ఒకటి

టేకులపల్లి మండలంలో ముప్పై ఏళ్లు దాటిన వాళ్లున్న ప్రతి ఇంటికీ ఆశా కార్యకర్త ఒక ఫారం పట్టుకుని వెళ్తుంది. బీపీ, షుగరు, క్యాన్సర్లను ముందుగా పసిగట్టడానికి దేశమంతటా నింపుతున్న ఫారం అది. వయసు ఎంత, నడుము కొలత ఎంత, ఇంట్లో ఎవరికన్నా బీపీ ఉందా అని అడిగి, పొగాకు సంగతికి వస్తుంది. దానికి మూడే జవాబులు. ఎన్నడూ లేదంటే సున్నా. రోజూ అంటే రెండు. మధ్యలో ఒక మార్కు గడి ఒకటుంది. ‘ఒకప్పుడు తాగేవాణ్ని, మానేశాను’ అన్నవాణ్నీ, ‘ఇప్పుడు అప్పుడప్పుడు తాగుతున్నా’ అన్నవాణ్నీ ఆ ఒక్క గడిలోనే వేశారు. పదేళ్ల కింద పట్టుబట్టి మానేసినవాడూ, నిన్న సంతలో ఒకటి వెలిగించినవాడూ ఆ కాగితం మీద ఒకే మనిషి.

ఈ వ్యాసం ఆ రెండో మనిషి గురించి. ‘‘తాగుతవా అన్నా?’’ అంటే ‘‘అలవాటేం లేదు చెల్లె, ఎప్పుడన్నా ఒకటి’’ అంటాడు. అది అబద్ధం కాదు. అతని దృష్టిలో తాగేవాడంటే పొద్దున మంచం దిగకముందే బీడీ ముట్టించే పక్కింటి ముసలాయన. తనకి దగ్గు లేదు, ఆయాసం లేదు, వేళ్లు పసుపెక్కలేదు, రెండు రోజులు దొరక్కపోయినా చేతులు వణకవు. పొగాకు మీద ఏ హెచ్చరిక విన్నా అది పక్కింటాయనకు చెబుతున్నట్టే వినపడుతుంది. పరిశోధకులు కూడా చాలాకాలం ఇతణ్ని పట్టించుకోలేదు. రోజుకు 20 తాగేవాళ్ల మీద లెక్కలు కట్టారు, వాళ్ల కోసమే మందులు తయారుచేశారు. ఇతని గురించి జరిగిన పనినంతా దగ్గర పెట్టుకుని, ఈ అడవి అంచు పల్లెల బతుకుతో సరిచూస్తే నాకు తేలింది ఇది: కొద్దిగా తాగేవాడికి ముప్పు కొద్దిగా ఉండదు, మానడం తేలికగానూ ఉండదు. అయితే ఎక్కువ తాగేవాణ్ని మాన్పించే దారిలో ఇతణ్ని మాన్పించలేం.

టేకులపల్లి కొత్తగూడెం నుంచి ఎల్లందు వెళ్లే దారిలో ఉంటుంది. 2016 అక్టోబరు దాకా ఖమ్మం జిల్లా, ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం. కోయ గూడేలు, లంబాడా తండాలు, వాటి మధ్యే సింగరేణి కోయగూడెం ఓపెన్‌కాస్ట్. బీడీ చుట్టే ఆకు ఈ అడవిదే. ఎండలు ముదరకముందే తునికి కొమ్మలు కొడతారు. కొత్త చిగురు ఆకై అందేసరికి ఏప్రిల్ నెల. అక్కణ్నుంచి వానలు పడేలోపు ఇంటిల్లిపాదీ తెల్లవారకముందే అడవిలో ఉంటారు. ఎండెక్కాక మూటలతో ఇల్లు చేరి, నీడపట్టున కూర్చుని, ఆకు మీద ఆకు పేర్చి, యాభై కాగానే నారతో బిగించి కట్ట కడతారు. కొనలన్నీ ఒకవైపే ఉండాలి. చిరిగినదీ పుచ్చినదీ ఏరి పారెయ్యాలి. సాయంత్రం కల్లం దగ్గర కట్టలు లెక్కపెట్టి వరసల్లో ఆరబెడతారు. వెయ్యి కట్టలైతే ఒక స్టాండర్డు బ్యాగు, అంటే యాభై వేల ఆకులు. ఈ వ్యాపారాన్ని ప్రభుత్వం 1971లో ప్రత్యేక చట్టం చేసి తన చేతిలోకి తీసుకుంది. కట్ట రేటు పెంచమని 1980లలో గోదావరి పక్క అడవుల్లో జరిగిన పోరాటాలు ఈ తరానికీ గుర్తే. వేరే పని దొరకని ఎండాకాలంలో చేతికొచ్చే నగదు ఇదే. వానాకాలం విత్తనాలు, పిల్లల నోటు పుస్తకాలు దీంతోనే వస్తాయి. ఆ ఆకు నిజామాబాద్, కరీంనగర్ వైపు ఆడవాళ్ల చేటల్లోకి వెళ్లి, బీడీ కట్టగా మారి, మళ్లీ టేకులపల్లి సెంటర్లోని పాన్ డబ్బాలోకే వస్తుంది. పొగాకు వద్దని ఇక్కడ ఎవరు మాట్లాడినా ఈ సంగతి తెలిసి మాట్లాడాలి.

ఇక్కడ తక్కువ తాగేవాళ్లంతా ఒకే తీరు మనుషులు కారు. తాటివనంలో కల్లు ముందు కూర్చున్నప్పుడు మాత్రమే పక్కవాడి బీడీ అడిగేవాడున్నాడు. మళ్లీ తాటివనానికి పోయేదాకా అతనికి దాని ఊసే ఉండదు. వరసలో తన ఆటో వంతు వచ్చేదాకా ఒకటి కాల్చే డ్రైవరున్నాడు. కొత్తగూడెం కాలేజీ నుంచి బస్సు దిగి, ఒకే సిగరెట్టు నలుగురు దోస్తులు తలా రెండు దమ్ములు పంచుకునే కుర్రాళ్లున్నారు; ‘‘నువ్వు తాగుతావా’’ అని అడిగితే నలుగురూ లేదనే అంటారు. పెళ్లిళ్లకు, దినాలకు, జాతరకు మాత్రమే తాగేవాళ్లున్నారు. ఎలక్షన్ల నెలంతా తాగి తర్వాత ఆపేసేవాళ్లున్నారు. గూడేల్లో పొగాకును ఎండుటాకులో చుట్టుకుని అన్నం తిన్నాక ఒకటి, చేను గట్టు మీద ఒకటి కాల్చుకునే పెద్దవయసు ఆడవాళ్లున్నారు. వీళ్లను తాగేవాళ్లుగా ఎవరూ చూడరు. ఇంటికొచ్చి అడిగేవాళ్లు మగవాళ్ల గురించి అడిగి లేచిపోతారు.

వీళ్లందరి గురించి నాకు ఎక్కువ నేర్పినవాడు భూగర్భ గనిలో దిగే కార్మికుడు. 1889లో బొగ్గు తవ్వకం మొదలైన ఎల్లందు ఇక్కడికి పక్కనే, గని పని తరతరాలుగా తెలిసిన నేల ఇది. గనిలో మీథేన్ ఉంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకే బొగ్గు గనుల నిబంధనల్లో బీడీ, సిగరెట్టు, అగ్గిపెట్టె, లైటరు నిషేధం. దిగేముందు గని మొఖం దగ్గర జేబులూ టిఫిను డబ్బా తడిమి చూస్తారు. షిఫ్టు ఎనిమిది గంటలు. పైన ఉన్నప్పుడు గంట గంటకూ బీడీ కోసం తడుముకునేవాడు కింద ఎనిమిది గంటలూ ఒక్కటి లేకుండా చెమటోడ్చి పనిచేస్తాడు. పైకొచ్చి, ల్యాంపు అప్పజెప్పి, గేటు దాటగానే మొఖం కూడా కడుక్కోకుండా వెలిగిస్తాడు. కింద కోరిక పూర్తిగా చచ్చిపోతుందని నేననను. తంబాకు దవడన పెట్టుకుని దిగేవాళ్లు తక్కువేం లేరు. కానీ దొరకదని ఖాయమైన చోట మనసు దాని చుట్టూ తిరగడం మానేస్తుంది. గేటు కనపడగానే మళ్లీ మొదలెడుతుంది. ఒంట్లో నికోటిన్ ఆ క్షణంలో కొత్తగా తగ్గలేదు. గేటు, దోస్తు, పనైపోయిన హాయి, ఈ మూడూ కలిసి బీడీని పిలిచాయి. తక్కువ తాగేవాడి అలవాటంతా ఇలాంటి పిలుపుల మీదే బతుకుతుంది.

ముందు ముప్పు సంగతి చూద్దాం. నార్వేలో బ్యార్ట్‌వైట్, ట్వెర్దాల్ అనే ఇద్దరు 1970ల నడుమ నుంచి 2002 దాకా దాదాపు 43 వేల మంది ఆడా మగా ఆరోగ్యాన్ని గమనించి, రోజుకు ఒకటి నుంచి నాలుగు సిగరెట్లు తాగేవాళ్లను విడిగా లెక్కకట్టారు. అసలు తాగనివాళ్లతో పోలిస్తే వీళ్లలో గుండె రక్తనాళాల జబ్బుతో చనిపోయే అవకాశం దాదాపు మూడింతలు. ఏ కారణంతోనైనా చావు దాదాపు ఒకటిన్నర రెట్లు. వాళ్ల వ్యాసం 2005లో వచ్చింది. 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో హ్యాక్‌షా బృందం 141 అధ్యయనాలను కలిపి చూసింది. రోజుకు 20 తాగే మగవాడికి గుండెజబ్బు ముప్పు తాగనివాడి కంటే రెట్టింపయితే, రోజుకు ఒక్కటే తాగేవాడికి ఒకటిన్నర రెట్లుంది. ఇరవయ్యింట్లో ఒకటి తాగితే ముప్పు కూడా ఇరవయ్యో వంతు ఉంటుందనుకుంటాం. అది దాదాపు సగం దాకా ఉంది. తొలకరి వానకే వాగు మోకాలిలోతు వచ్చినట్టు, గుండెకు మొదటి సిగరెట్టుతోనే ముప్పు సగం పెరిగిపోతుంది. మిగతా పంతొమ్మిదీ కలిసి ఇంకో సగం చేరుస్తాయి. రక్తాన్ని గడ్డకట్టించే కణాలు ఒకదానికొకటి అంటుకునే గుణం, రక్తనాళాల లోపలి పొర దెబ్బతినడం కొద్దిపాటి పొగకే మొదలవుతాయి. ఇంట్లో ఇంకొకరు వదిలిన పొగ పీల్చినవాళ్లకే గుండెజబ్బు ముప్పు పాతిక శాతం పైన పెరుగుతోందంటే, తానే ఒకటి పీల్చినవాడి సంగతి వేరే చెప్పక్కర్లేదు.

రోజూ కూడా తాగనివాళ్ల మాటేమిటి? అమెరికాలో ఇనౌయే చోయ్ బృందం 2017లో ప్రచురించిన అధ్యయనంలో 2 లక్షల 90 వేల మంది పెద్దవయసు వాళ్లున్నారు. జీవితమంతా సగటున రోజుకు ఒకటి కంటే తక్కువే తాగుతూ వచ్చినవాళ్లలోనూ, ఎన్నడూ తాగనివాళ్లకంటే చావు ముప్పు 64 శాతం ఎక్కువ. వాళ్లలో గుండెజబ్బు చావుల కంటే ఊపిరితిత్తుల క్యాన్సర్ చావుల ముప్పే ఎక్కువ రెట్లు పెరిగింది. క్యాన్సర్ లెక్క గుండె లెక్కకు వేరు. ఎన్ని తాగామన్నదాని కంటే ఎన్నేళ్లు తాగామన్నది దానికి పెద్దదని రిచర్డ్ డాల్, రిచర్డ్ పీటో 1978లోనే బ్రిటన్ డాక్టర్ల లెక్కలతో చూపించారు. ఇరవయ్యేళ్లప్పుడు దోస్తుల మధ్య మొదలై యాభై దాకా ‘ఎప్పుడన్నా ఒకటి’గా సాగిన అలవాటుకు ముప్పై ఏళ్లు నిండుతాయి.

ఇవన్నీ సిగరెట్టు లెక్కలే కదా, మాది బీడీ కదా అంటారు ఇక్కడ. బీడీలో పొగాకు సిగరెట్టులో కంటే తక్కువే. అయితే ఆకు గాలి చొరనివ్వదు, కాబట్టి గట్టిగా, మాటిమాటికీ లాగకపోతే ఆరిపోతుంది. ఆ లాగుడులో తారు, నికోటిన్, కార్బన్ మోనాక్సైడు సిగరెట్టు కంటే ఎక్కువగానే లోపలికి వెళ్తాయి. ఫిల్టరు ఉండదు. 52 దేశాల్లో 27 వేల మంది మీద జరిగి 2006లో లాన్సెట్‌లో వచ్చిన గుండెపోటు అధ్యయనంలో, సిగరెట్టు లేకుండా బీడీలు మాత్రమే తాగేవాళ్లకు గుండెపోటు ముప్పు దాదాపు మూడింతలని తేలింది. మన దేశంలో 11 లక్షల ఇళ్లు చూసి ప్రభాత్ ఝా బృందం 2008లో ప్రచురించిన లెక్క ప్రకారం బీడీ తాగే మగవాడు ఆరేళ్లు, బీడీ తాగే ఆడమనిషి ఎనిమిదేళ్లు, సిగరెట్టు తాగే మగవాడు పదేళ్లు ముందే పోతున్నారు. రోజుకు కొద్దిగా తాగేవాళ్లలోనూ చావు ముప్పు పెరిగే ఉందని అదే వ్యాసం చెప్పింది. ఆడవాళ్ల ఎనిమిదేళ్ల లెక్క చూసినప్పుడల్లా నాకు గూడేల్లో చుట్ట కాల్చే పెద్దమ్మలు గుర్తొస్తారు.

ఈ ప్రాంతానికి గుండె కంటే ముందు చెప్పుకోవాల్సిన జబ్బు క్షయ. తమిళనాడులో గజలక్ష్మి, పీటో బృందం 43 వేల మంది చనిపోయిన మగవాళ్ల ఇళ్లకు వెళ్లి అడిగి 2003లో ప్రచురించిన పనిలో, పొగ తాగేవాళ్లు క్షయతో చనిపోయే అవకాశం తాగనివాళ్ల కంటే నాలుగింతలని తేలింది. ఊపిరితిత్తుల్లో నిద్రపోతున్న క్షయ క్రిమిని పొగ లేపుతుంది. పౌష్టికాహారం కరువైన ఒంట్లో అది ఇంకా తొందరగా లేస్తుంది. దుమ్ము, బొగ్గు పొడి, పొయ్యి పొగ ఎలాగూ ఉన్నచోట బీడీ పొగ కూడా చేరితే ఏమవుతుందో ఇక్కడి ఆరోగ్య కార్యకర్తలకు ఒకరు చెప్పనక్కర్లేదు.

ముప్పు ఇంత ఉన్నప్పుడు, అంత తక్కువ తాగేవాడు మానెయ్యొచ్చు కదా? ఈ ప్రశ్న మీద అందరికంటే ఎక్కువ పనిచేసినవాడు పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం మనస్తత్వవేత్త సాల్ షిఫ్‌మన్. రోజుకు ఐదుకు మించకుండా ఏళ్ల తరబడి తాగేవాళ్లను ఆయన 1980ల చివర్లో పరీక్షించాడు. రాత్రంతా ఆపినా వాళ్లలో ఎక్కువ తాగేవాళ్లకుండే చిరాకు, నిద్రలేమి కనిపించలేదు. పొగాకుకు బానిసలు కాకుండానే తాగుతున్నారు వాళ్లు. దీంతో వీళ్లు తలచుకుంటే మానేస్తారని అందరూ అనుకున్నారు. 2011లో ఆయనా హిలరీ టిండిలూ అమెరికా జాతీయ సర్వేలోని మానే ప్రయత్నాలను లెక్కపెట్టారు. అప్పుడప్పుడు తాగేవాళ్లు రోజూ తాగేవాళ్లకంటే కాస్త ఎక్కువగా గెలిచారు గానీ, ప్రయత్నించినవాళ్లలో మూడోవంతు కూడా మానలేకపోయారు. ఒంటికి పట్టని అలవాటును మనిషి వదిలించుకోలేకపోతున్నాడంటే దాని పట్టు ఇంకెక్కడో ఉందన్నమాట.

ఎక్కడుందో గురజాడకు తెలుసు. కన్యాశుల్కంలో గిరీశం శిష్యరికం వల్ల తనకు వచ్చిందల్లా చుట్ట కాల్చడమేనని వెంకటేశం ముఖం మీదే అంటాడు. పొగ ఎప్పుడూ ఇంకొక మనిషి నుంచే వస్తుంది, ఇంకొక మనిషి పక్కనే నిలబడుతుంది. పల్లెలో ‘‘తీస్కో అన్నా’’ అని బీడీ చాచడం మర్యాద. వద్దంటే మనిషినే వద్దన్నట్టు. పెళ్లివారి ముందు బీడీ కట్టలూ అగ్గిపెట్టెలూ పళ్లెంలో పెట్టే ఊళ్లు ఇంకా ఉన్నాయి. రోజూ తాగేవాడు ఒంటి కోసం తాగుతాడు, ఇతడు సంబంధం కోసం తాగుతాడు. ‘ఆరోగ్యం పాడవుతుంది’ అన్న మాట ఇతనికి అంతగా తగలకపోవడానికి కారణం ఇదే. తను పోగొట్టుకుంటానని భయపడేది పక్కవాడితో ఉన్న ఆ పది నిమిషాల్ని.

మానే విషయంలో వైద్యం ఇతనికి ఇచ్చింది చాలా తక్కువ. నమిలే నికోటిన్ బంక (గమ్), ఒంటికి అంటించే పట్టీ, వెరెనిక్లిన్ మాత్రలు, ఇవన్నీ ఎక్కువగా రోజుకు పది, అంతకుమించి తాగేవాళ్ల మీదే పరీక్షించినవి. అప్పుడప్పుడు తాగేవాళ్లకు నికోటిన్ బంక ఇచ్చి షిఫ్‌మన్ బృందం 2020లో ప్రచురించిన పరీక్షలో దానివల్ల ఉపయోగం కనపడలేదు. ఒంట్లో లేని ఆకలికి అన్నం పెడితే ఏం లాభం? అయితే ఇక్కడొక మినహాయింపు చెప్పాలి. రోజుకు మూడో నాలుగో తాగేవాడైనా, అందులో మొదటిది నిద్రలేచిన అరగంటలోపే వెలిగిస్తే అతని ఒంటికి అది పట్టినట్టే. సంఖ్య చూసి మోసపోకూడదు. అలాంటివాడికి మందుల దుకాణంలో చీటీ లేకుండానే దొరికే రెండు మిల్లీగ్రాముల బంక పనికొస్తుంది. డాక్టరు ‘రోజుకెన్ని’ అని అడిగేముందు ‘పొద్దున మొదటిది ఎప్పుడు’ అని అడిగితే ఇద్దరినీ వేరు చేయొచ్చు.

మిగతావాళ్లకు మనవాళ్లు చెప్పే సలహా ఒక్కటే: తగ్గించు. ఎక్కువ తాగేవాడికే ఇది అంతంత మాత్రం. అమెరికాలో బెనొవిట్జ్ 1986లో చేసిన చిన్న పరీక్షలో రోజుకు 37 తాగేవాళ్లను ఐదుకు దించితే, ఒక్కో సిగరెట్టు నుంచి మూడింతల విషం లాక్కున్నారు. తక్కువ తాగేవాడికైతే ఇది సలహాయే కాదు. వారానికి నాలుగు తాగేవాడు రెండుకు దిగితే అతని గుండెకు తేడా తెలియదు, అతని మనసుకు మాత్రం ‘నేను అదుపులోనే ఉన్నాను’ అన్న ధైర్యం ఇంకాస్త పెరుగుతుంది. రెండు మళ్లీ నాలుగు కావడానికి ఒక జాతర చాలు. వీళ్లకు నేను నమ్మే మాట సున్నా, అదీ ఒకే రోజున. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 2016లో 697 మంది మీద చేసిన పోలికలో ఒకేసారి ఆపినవాళ్లు నెల తర్వాత 49 శాతం, మెల్లగా తగ్గిస్తూ వచ్చి ఆపినవాళ్లు 39 శాతం నిలబడ్డారు. వాళ్లు ఎక్కువ తాగేవాళ్లు. తగ్గించడానికే పెద్దగా ఏమీ లేని మనిషికి ఒకేసారి ఆపడం ఇంకా సహజం.

ఆ సున్నాను నిలబెట్టేది సందర్భం. ఆటో డ్రైవరు తన వంతు వచ్చేదాకా చేతులకూ నోటికీ ఏం పని చెప్పాలో ముందే అనుకోవాలి. కల్లుతో మాత్రమే తాగేవాడు మొదటి నెల తాటివనానికి పోకుండా ఉండాలి, లేదంటే బీడీ తాగనివాళ్ల పక్కన కూర్చోవాలి. కల్లు, సారా దిగాక సంకల్పాన్ని నమ్ముకోవడం అనవసరం. అన్నిటికంటే ముఖ్యమైనది చెప్పేయడం. ‘‘నేను బంద్ చేసిన, నాకియ్యకు అన్నా’’ అని రోజూ పక్కన తాగేవాడితో ఒక్కసారి గట్టిగా అనాలి. మర్యాద కోసం ఇచ్చేవాడు అదే మర్యాదతో ఆగిపోతాడు. ఎవరికీ చెప్పకుండా లోలోపల మానేద్దామనుకున్నవాడు ప్రతి సందర్భంలోనూ కొత్తగా గెలవాల్సి వస్తుంది. మధ్యలో ఒక దమ్ము లాగాడనుకోండి, ప్రయత్నం పాడైపోలేదు. తాగింది ఎక్కడ, ఎవరితో అని చూసుకుంటే తర్వాతి పెళ్లికి సిద్ధంగా ఉండొచ్చు. బీడీ మానిన చేతితో తంబాకు, ఖైనీ పట్టడం మాత్రం మానడం కాదు. నోటి క్యాన్సరు పొగ కోసం ఆగదు. గని దిగేవాళ్లలో ఈ మార్పిడి మామూలైపోయింది కాబట్టి ఇది విడిగా చెప్పాలి.

పల్లెల్లో మాటలతో మాన్పించొచ్చా అనే అనుమానానికి తెలుగునేల మీదే జవాబుంది. ముంబై టాటా పరిశోధన సంస్థ దంత విభాగం వాళ్లు, మెహతా, ప్రకాశ్ గుప్తా మొదలైనవాళ్లు, 1960ల చివర్లో శ్రీకాకుళం జిల్లాలో ఇల్లిల్లూ తిరిగారు. నిప్పు లోపలికి పెట్టి అడ్డచుట్ట కాల్చే ఆడవాళ్ల అంగిట్లో మచ్చల్ని నమోదు చేశారు. తర్వాత శ్రీకాకుళం, ఎర్నాకులం, భావనగర్ కలిపి 36 వేల మంది పొగాకు వాడేవాళ్లకు ముఖాముఖి సలహా, సినిమాలు, పోస్టర్లతో ప్రచారం చేసి, ఫలితాలు 1986లో లాన్సెట్‌లో రాశారు. మాటలు విన్న ఊళ్లలో మానినవాళ్లూ తగ్గించినవాళ్లూ స్పష్టంగా ఎక్కువ, నోట్లో కొత్త మచ్చలు తక్కువ. రోజుకు రెండు మూడు చుట్టలు కాల్చే, చదువురాని ఆడవాళ్లు కూడా వాళ్లలో ఉన్నారు. ఇంటికొచ్చి, కూర్చుని, పేరు పెట్టి మాట్లాడే మనిషి అక్కడ పనిచేశాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 జులైలో ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా ఆరోగ్య కేంద్రానికి ఏ పని మీద వచ్చినవాడికైనా అర నిమిషం నుంచి మూడు నిమిషాలు ఈ సలహా చెప్పమనే మాట ఉంది.

కానీ పాన్ డబ్బా ఇతనికి రోజంతా సలహా చెబుతూనే ఉంటుంది. అక్కడ చూడండి. అద్దాల వెనక సిగరెట్ల డబ్బా తెరిచి, ఒక్క సిగరెట్టు లాగి, గిరాకీ చేతిలో పెట్టి, డబ్బా మళ్లీ లోపల పెట్టేస్తారు. పక్కనే తాడుకు కట్టి వేలాడదీసిన లైటరు. 2016 నుంచి డబ్బా మీద 85 శాతం మేర రోగాల బొమ్మ ఉండాలన్నది చట్టం. 2018 సెప్టెంబరు నుంచి మానడానికి సాయం చేసే ఉచిత ఫోన్ నంబరు 1800-11-2356 కూడా దాని మీదే అచ్చువేస్తున్నారు. విడి సిగరెట్టు కొన్నవాడి కంట ఆ బొమ్మ పడదు, ఆ నంబరూ పడదు. డబ్బా మొత్తం కొనాలంటే అంత డబ్బు అవసరమా అని ఆగిపోయే కుర్రాడు ఒక్కదానికి ఆగడు. అప్పుడప్పుడు తాగేవాణ్ని తయారుచేసేదీ, ఏళ్ల తరబడి అలాగే నిలబెట్టేదీ ఈ విడి అమ్మకమే. కర్ణాటక 2017లో, మహారాష్ట్ర 2020లో దీన్ని నిషేధించాయి. కేంద్రం తయారుచేసిన 2020 చట్ట సవరణ ముసాయిదాలోనూ ఈ నిషేధం ఉంది. అది ముసాయిదాగానే ఆగిపోయింది. అమలు కష్టమని నాకూ తెలుసు. బడికి వంద గజాల్లో పొగాకు అమ్మకూడదన్న 2003 నాటి చట్టాన్నే మనం ఎంత పాటిస్తున్నామో చూస్తున్నాం. అయినా తక్కువ తాగేవాడి విషయంలో ఇంతకంటే నేరుగా తగిలే చర్య నాకు కనపడలేదు.

బీడీ పన్ను సంగతి ఇంకా చిక్కు. 2025 సెప్టెంబరులో జీఎస్టీ మండలి బీడీ మీద పన్నును 28 నుంచి 18 శాతానికి, ఆకు మీద 18 నుంచి 5కు తగ్గించాలని నిర్ణయించింది. ఆకు మీద తగ్గింపును నేను స్వాగతిస్తాను. అది అడవిలో ఏరేవాళ్ల దాకా కట్ట రేటుగా చేరితే ఇంకా సంతోషం. బీడీ మీద తగ్గింపు వేరు. ఏరేవాళ్లను, చుట్టేవాళ్లను కాపాడటానికి బీడీని చౌకగా ఉంచాలన్న వాదన, ఆ ఏరేవాళ్ల ఇంట్లోనే తాగేవాళ్లు కూడా ఉన్నారన్నది మర్చిపోతుంది. ఆకు పని లేని రోజుల్లో ఇప్పపువ్వు, వెదురు, అటవీ ఉత్పత్తులకు సరైన ధర, చుట్టేవాళ్లకు వేరే పని చూపడం ప్రభుత్వం చేయాల్సినవి. వాటికి బదులు బీడీ ధర తగ్గించడం నాకు సమ్మతం కాదు. 2016-17 జాతీయ సర్వేలో పెద్దవాళ్లలో బీడీ తాగేవాళ్లు 7.7 శాతం, సిగరెట్టు తాగేవాళ్లు 4 శాతం. పేదవాడి పొగ ఏదో ఆ లెక్కలోనే ఉంది. తాగేవాళ్లలో 55 శాతం మానాలని ఆలోచిస్తున్నామని అదే సర్వేలో చెప్పారు.

మళ్లీ ఆశా కార్యకర్త ఫారం దగ్గరికి వస్తే, అందులో ఆ ఒక్క గడిని రెండుగా చీల్చడం పెద్ద పని కాదు. మానేసినవాడికి ఒక గడి, అప్పుడప్పుడు తాగేవాడికి ఒక గడి. రెండోవాడి దగ్గర ఇంకో రెండు ప్రశ్నలు చాలు: ఈ నెలలో చివరిసారి ఎప్పుడు, ఎవరితో ఉన్నప్పుడు. ఈ రెండో ప్రశ్న అడిగితే అతనే తన సందర్భాన్ని చెప్పుకుంటాడు, సలహా అక్కణ్నుంచి మొదలవుతుంది. ఆడవాళ్లను అడిగేటప్పుడు సిగరెట్టు మాట ఎత్తకుండా చుట్ట కాలుస్తారా అని అడగాలి. కఫం పరీక్షకు వచ్చినవాణ్ని పొగ సంగతి అడగాలని క్షయ కార్యక్రమంలో 2017 నుంచే ఉంది. అక్కడ కూడా ‘ఎప్పుడన్నా ఒకటి’ అన్న జవాబు ‘లేదు’గా నమోదు కాకూడదు. ఇక ఆ ఫారం ముప్పై ఏళ్లు నిండినవాళ్ల దగ్గర మొదలవుతుంది. కాలేజీ బస్సు దిగే కుర్రాళ్లకు ఇంకా పదేళ్ల టైముంది ఆ ప్రశ్న ఎదురుకావడానికి. ఇంటర్, డిగ్రీ కాలేజీల్లో ఆరోగ్య పరీక్షలప్పుడు, ఆటో స్టాండ్లలో పెట్టే కంటి శిబిరాల్లో, గనుల్లో కాంట్రాక్టు కార్మికులకు చేసే వైద్య పరీక్షల్లో ఈ రెండు ప్రశ్నలూ చేర్చడానికి కొత్త చట్టం అక్కర్లేదు. జిల్లా వైద్యాధికారి ఒక సర్క్యులరు ఇచ్చినా మొదలుపెట్టొచ్చు.